మాసికల తిత్తి

సున్నపు బట్టీకి గోనెలు మోసే గాడిద సింగారికి దగ్గు పట్టుకుని ఆర్నెల్లయింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. తన సంగతి సరే, రేపో మాపో కూతురు బుల్లి మీదా గోనె ఎత్తుతారు, దానికీ ఇదే గతేమోనని దిగులు.

ఆ దిగులు వాసన నక్కకు తగిలింది. పిలవకుండానే వైద్యుడై వచ్చి, నాలుక చూసి, తోక చూసి, ఇదంతా పెరట్లో కోళ్ల ఈకల దుమ్మని తేల్చేసింది. కోళ్లన్నిటినీ వాగుగట్టు పొదల్లోకి తోలేస్తే తల్లీకూతుళ్లకు ఇక భయం లేదట. ఫీజు కూడా వద్దంది. ప్రాణం మీదికొస్తే ఎవరి మాటైనా వేదమే. సింగారి తలూపింది.

బట్టీకి పోయే దారిలో కమ్మరి కొట్టం దగ్గర, లాడాల కోసం కట్టేసిన ముసలెద్దు నందన్నకు ఈ మాట చెప్పింది. నందన్న నెమరు ఆపలేదు.

“మీ అమ్మకూ దగ్గుండేదా?”

“ఉండేది. బట్టీలో మోసీ మోసీ పోయింది. అన్నకూ ఇదే దగ్గు. వాడు చాకలి మూటలు మోసేవాడు, కోడి మొహం చూడలేదు. అమ్మకన్నా ఎనిమిదేళ్లు ఎక్కువే బతికాడులే.”

“మరి జూలు?”

సింగారి ఆలోచించింది. అమ్మకూ, అన్నకూ, తనకూ వయసులోనే జూలు నెరిసింది.

“విత్తు ఒకటైతే చెట్టు ఒకటవుతుందా? ఇది మీ నెత్తుటిలోది తల్లీ,” అన్నాడు నందన్న. ఎదురుగా ఉన్న కమ్మరి తిత్తి చూడమన్నాడు. చిరిగినచోటల్లా మాసిక, మాసిక మీద మాసిక. అది అట్టలా బిగిసి సగం గాలే పీలుస్తోంది. “ఊపిరితిత్తి లోపల గీరుకుంటే మాకు కొత్త తోలు పుడుతుంది. మీ వాళ్లకు ఆ శక్తి తొందరగా అయిపోయి, మాసికలే మిగులుతాయి. జూలు ముందే నెరిసేదీ అందుకే. పైగా సున్నం రోజూ గీరుతుంది.”

“బుల్లికీ తప్పదా?”

“ప్రతి పిల్లకూ దిగదు. దుమ్ముకు మాత్రం దూరంగా ఉంచు.”

సాయంత్రం సింగారి నక్కకు కబురంపింది. కోళ్లు కదలబోమంటున్నాయి, వైద్యులుగారే గూట్లోకి దయచేయాలని. నక్క లొట్టలేస్తూ దూరింది. సింగారి చెప్పి ఉంచడంతో కోళ్లు ముందే చూరెక్కాయి. గుమ్మంలో ఉన్న సున్నపు గోనెను సింగారి వెనక్కాళ్లతో ఒక్క తన్ను తన్నింది.

“వైద్యులుగారూ, ఈ దగ్గు కోళ్లదేనంటారా?”

జవాబు చెప్పడానికి నక్కకు ఊపిరేదీ? తెల్లగా, దగ్గుతూ, వాగుదాకా పరుగే.

మర్నాడు బుల్లి మీద గోనె ఎత్తబోతే సింగారి దారికడ్డంగా కూర్చుంది. యజమాని బెదిరించాడు, బతిమాలాడు, చివరికి విసుగెత్తి బుల్లిని కాయగూరల తోటకు తోలాడు. సింగారి దగ్గు పోలేదు. దగ్గుకూ దగ్గుకూ మధ్య నక్క తెల్లమూతి తలుచుకుని నవ్వుకుంటోంది.

నీతి: ఇంటి పుట్టుపూర్వోత్తరాలు అడగని వైద్యుడు పెరట్లో కోళ్లెన్నని అడుగుతాడు.