దళవాయి గారి వెలుగుల విచారణ

సాయంత్రమైతే కోటమీది ఆకాశంలో వింత వెలుగులు తిరుగుతున్నాయని ఊరంతా గగ్గోలు పుట్టింది. కోట సేనలకు పెద్ద అయిన దళవాయి భుజంగరాయుడు విచారణకు దిగాడు. చూశామన్నవాళ్లకు పుకార్లు పుట్టించారని కొరడా దెబ్బలు, చూడలేదన్నవాళ్లకు నిజం దాచారని కొరడా దెబ్బలు. సగం ఊరు మంచాన పడింది.

విచారణ చూడ్డానికి రాజుగారు వచ్చిన రోజే బుట్టలల్లే నూకాలు వంతు వచ్చింది. ఆమె వచ్చి దళవాయి ఎదుట నిలబడింది.

"వెలుగులు చూశావా?" గద్దించాడు దళవాయి.

"తమరు రోజూ బురుజు మీదే కాపలా ఉంటారు కదా దొరా! తమరికి కనబడితే నాకూ కనబడ్డట్టే, లేకపోతే లేనట్టే. చూశారో లేదో తమరే ముందు సెలవివ్వండి."

కొరడా పట్టుకున్న భటుడు దళవాయి వైపు తిరిగాడు. రాజుగారూ తిరిగారు.

"విచారణ ముగిసింది" అన్నాడు దళవాయి.

ఆ సాయంత్రం వెలుగులు మళ్లీ వచ్చాయి. అవి కంటబడకుండా అందరికన్నా ముందు తల దించుకున్నది దళవాయే.