అన్నీ ఒకట్లే

వరాహమూర్తి మాస్టారికి ఒక పాడలవాటు ఉండేది. ప్రశ్న అడిగితే నోటితో జవాబు చెప్పరు, లేచి చేత్తో ఏదో ఒకటి చేస్తారు. అడిగినవాళ్ళు జుట్టు పీక్కోవాలి.

కుషాయిగూడలో ఆయన నడిపే చిన్న వర్క్‌షాపులో ఆ రోజు ఆ వంతు రోహిణికి వచ్చింది. బల్లమీది బోర్డులో ఒక చిప్పుంది. ఏ ప్రోగ్రాము ఎక్కిస్తే ఆ పని చేసే రకం. ప్రోగ్రాము రాసింది అక్కడే పనిచేసే మస్తాన్. కంప్యూటర్‌నుంచి బోర్డుకు జేట్యాగ్ అనే కేబుల్ తగిలించి ఆ ప్రోగ్రామును చిప్పులోకి ఎక్కించడం రోహిణి పని. మూడు రోజులైంది, ఎక్కి చావదే!

"మాస్టారూ, నాకు బుర్ర తిరిగిపోతోందండీ. నువ్వెవరని చిప్పునడిగితే ఠక్కున బదులిస్తోంది. ప్రోగ్రాము పంపితే మాత్రం ఉలకదు, పలకదు. జవాబిచ్చేది మాట వినకపోవడమేమిటి?"

"ఏమని బదులిస్తోంది?"

"అన్నీ ఒకట్లేనండీ. చచ్చిన చిప్పయితే సున్నాలు రావాలిగా? అంటే చిప్పు బాగుంది, తీగలు బాగున్నాయి. ఇక మిగిలింది మస్తాన్ ప్రోగ్రామే. పొద్దున అందరిముందూ అదే అనేశాను. అతన్ని ఈ పనినుంచి తీసేయమని కాగితం కూడా రాశాను, మీ సంతకమే తరువాయి."

అంత ధీమాగా రాసిందన్నమాటే గానీ, పాపం, మొహంలో ధీమా అణువంతైనా లేదు. మాస్టారు కాగితం వైపు చూడనైనా చూడలేదు. కేబుల్ కొసను బోర్డునుంచి పీకి, గాల్లో పట్టుకున్నారు.

"ఇప్పుడడుగు."

"అయ్యో, పీకేశారుగా! ఎవర్నడగనూ?"

"అడుగమ్మా."

రోహిణి మీట నొక్కింది. తెరమీద ఒకట్లు. మళ్ళీ నొక్కింది. ఒకట్లే, మూడు రోజులుగా ఎలా వస్తున్నాయో అచ్చం అలాగే. మరి ఇన్నాళ్ళూ తనకు బదులిచ్చిందెవరు? అవతల ఎవరూ లేకపోయినా ఆ కేబుల్ ఒకట్లే చూపిస్తుందని అప్పుడు తట్టింది. కొసదగ్గర తొడుగు వలిచి చూస్తే లోపల తీగ తెగి ఉంది. సిగ్గుతో చచ్చిపోయింది. కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది.

"అతనికి ఏ మొహం పెట్టుకుని కనబడనండీ? మనసులో ఏమనుకుంటున్నాడో ఏమో!"

"ఈ మూడు రోజుల్లో అతన్ని ఒక్క మాటైనా అడిగావా?"

రోహిణి తల అడ్డంగా ఊపింది.

"వెళ్ళి అడుగు," అన్నారు మాస్టారు, తెగిన కేబుల్‌ను చుట్టచుడుతూ. "అక్కడైతే మనిషున్నాడు."