పచ్చచుక్క

తిరుపాలుకి కోపం నషాళానికి అంటింది. తిండి మానుకుని, నిద్ర మానుకుని చేసిన కళ్లజోడుని "ఇది పనికిరాదు, కరెంటు ఆఫీసుకి పంపించను" అనేశారు ఇజ్రాయేలు మాస్టారు. పనిముట్లు చేయడం అతనికి నేర్పిన గురువే ఆ మాట అంటే మండదా మరి?

అది మామూలు కళ్లజోడు కాదు. కరెంటు స్తంభం ఎక్కే లైన్‌మన్ దాన్ని పెట్టుకుంటే ఎదుటి తీగల మీదే రంగులు కనిపిస్తాయి. కరెంటు ఉన్న తీగ మీద ఎరుపు, లేనిదాని మీద పచ్చ.

"ఏం తక్కువైంది మాస్టారూ?" గొంతు పెంచాడు తిరుపాలు. "బొమ్మ మసగ్గా ఉందా?"

"బొమ్మదేముందిరా! రాత్రిపూట బస్సు కిటికీ అద్దం కూడా నీ మొహాన్నీ, బయటి దీపాల్నీ కలిపి చూపిస్తుంది. నీదీ ఆ కిటికీ విద్యే. తల తిప్పితే ఏమవుతోంది, అది చెప్పు."

"బొమ్మ ఒక వేలెడు పక్కకి జరుగుతుంది. క్షణంలో సర్దుకుంటుంది. తల కదపకపోతే ఆ తేడా కూడా రాదు. గడ్డం కింద స్టాండు పెట్టి చూశాను కదా!"

మాస్టారి మొహం ఎర్రబడింది. "స్టాండా? స్తంభం మీద వాడి గడ్డాన్ని నీ తాత పట్టుకుంటాడా? ఇలాంటి కళ్లజోళ్లలో మొట్టమొదటిది ఇంటి కప్పుకి వేలాడేదిరా. తల మోయలేనంత బరువు. అందులో కనిపించేది ఉత్త గీతలతో గీసిన పెట్టె బొమ్మ. అయినా తల ఎటు తిరిగిందో కొలవడానికే దాన్ని చేసినవాళ్లు నానా తంటాలు పడ్డారు. నువ్వేమో రంగులు చూసుకుని మురిసిపోతున్నావు!"

"వేలెడు తేడాకి ఇంత రాద్ధాంతమా?"

ఎంత పొగరు! మాస్టారు సొరుగులోంచి మేకు తీసి, చెక్క మీద నిలబెట్టి, రెండు వేళ్లతో పట్టుకున్నారు. రెండో చేత్తో సుత్తి అందించారు.

"కళ్లజోడు పెట్టుకో. మేకు మీద పచ్చచుక్క పెట్టు. చుక్క ఎక్కడ కనిపిస్తే అక్కడ కొట్టు."

పచ్చచుక్క మేకు తల మీద కుదురుగా కూర్చుంది. తిరుపాలు విసురుగా సుత్తి ఎత్తాడు. ఆ విసురుకి తల కాస్త వంగింది. చుక్క జారి మాస్టారి బొటనవేలి గోరు మీదికొచ్చింది.

"కొట్టరా!" గద్దించారు మాస్టారు. వేళ్లు తియ్యలేదు.

సుత్తి గాలిలోనే ఆగింది.

"కొట్టవేం? వేలెడే కదా."

తిరుపాలు సుత్తి దించాడు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. మాస్టారి మొహం చూడకుండా వెళ్లి, గడ్డం స్టాండు మరలు ఒక్కొక్కటే విప్పసాగాడు.