మబ్బుదుప్పటి కప్పిన మాంత్రికుడు

అనగనగా సముద్రం ఒడ్డున ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాళ్లిద్దరి పేర్లు చెప్పడం దండగ. చిన్నవాడు మణికేతుడు.

ఆ రాజ్యంలో పడవలు తెల్లవారుజామున నేల మీంచి వీచే గాలికి వెళ్లేవి, మధ్యాహ్నం సముద్రం మీంచి వీచే గాలికి తెరచాపలెత్తి తిరిగొచ్చేవి. ఒకరోజు ఆ మధ్యాహ్నపు గాలి రాలేదు. ధూమకంఠుడనే మాంత్రికుడు ఒడ్డంతా మబ్బుదుప్పటి కప్పేశాడు.

"రాజ్యం నాకిస్తేనే గాలి!" అన్నాడు.

నలభై పడవలు సముద్రంలో నిలిచిపోయాయి. వాటిలో మూడు రోజులకే మంచినీళ్లు. జాలరిపెద్ద ఆ పడవల్లోనే ఒకదాంట్లో ఉన్నాడు. ఆయన కూతురు నూకాలు ఒడ్డు వదల్లేదు.

పెద్దకొడుకు వెయ్యి విసనకర్రలతో విసిరించాడు. గాలి రాలేదు. రెండోవాడు వంద శంఖాలు ఊదించాడు. చెవులు గింగిర్లెత్తాయి గాని గాలి రాలేదు. మణికేతుడు చెప్పులు విప్పి ఇసుకలో నిలబడ్డాడు.

"ఇసుక ఇంత చల్లగా ఉందేం?"

"అడిగినవాడివి నువ్వొక్కడివే," అంది కన్నంలోంచి ఒక పీత. "ఎండకు నీళ్లకంటే ఇసుక ముందు కాగుతుంది నాయనా. దాని మీది గాలి వేడెక్కి పైకి పోతుంది. ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. దుప్పటి కింద ఇసుక కాగేదెలా? కప్పినవాడే తీయాలి. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది."

ఒక ముసలి తాబేలు వీపు చూపించింది. ఏడు సముద్రాలూ ఒక్క రాత్రిలో దాటించింది. దీవిలో పంజరం చుట్టూ మూడు వందల తేళ్లు కాపలా. మణికేతుడు తొందరపడలేదు. మిట్టమధ్యాహ్నం ఇసుక నిప్పులా కాగింది, తేళ్లన్నీ కన్నాల్లో దూరాయి. తలపాగా తడిపి కాళ్లకు చుట్టుకుని వెళ్లి పంజరం పట్టుకొచ్చాడు.

మూడోరోజు పొద్దున్నే ఒడ్డున దిగి చిలక పీక పట్టుకున్నాడు. మాంత్రికుడికి ఊపిరాడలేదు.

"దుప్పటి తీస్తే చంపవుగా?"

"చంపను."

తీశాడు. ఎండ పడింది. గాలి మాత్రం రాలేదు!

"మోసపోయావురా!" అని అన్నలు నవ్వారు. మణికేతుడి ముఖం వాడిపోయింది.

"పెనం ఎట్టగానే అట్టు కాల్తాదేటి బాబూ?" అంది నూకాలు. "ఇసక కాగనీ."

కాగింది. అరికాళ్లు చురుక్కుమన్నాయి. అప్పుడొచ్చింది గాలి! ముందు ఒడ్డును తాకింది, తర్వాత తాటితోపు దాటింది, తర్వాత చేలల్లో దూరింది, సాయంత్రానికి కోట మేడ ఎక్కింది. గాలి వెంటే నలభై తెరచాపలూ వచ్చాయి. జాలరిపెద్ద దిగుతూనే, "నీల్లు తేయే కూతురా!" అన్నాడు.

"ఇక నా చిలకనిచ్చెయ్," అన్నాడు ధూమకంఠుడు.

"చంపనన్నాను, ఇస్తానన్నానా? పద, వలలు లాగు."

రాజు మణికేతుడికి పట్టం కట్టాడు. నూకాలుతో పెళ్లి ఒడ్డునే జరిగింది. అన్నల్ని పిలిచారు గాని ముందు వరసలో కూర్చోనివ్వలేదు. మణికేతుడూ నూకాలూ నిండుగా అరవై ఏళ్లు ఏలారు. ఆ రాజ్యంలో ఈనాటికీ ముహూర్తం దాటినా సరే, మధ్యాహ్నపు గాలి పందిట్లోకి వచ్చాకే తాళి కడతారు.