కింది వాటా చీపురు

లోటార్‌కి ఒకటే బెంగ. వసంతంలో ఊరి సంగీత సంఘం పెట్టే కచేరీలో తన పేరు ఉంటుందా, ఉండదా?

పేర్లు మంగళవారం సాయంత్రానికల్లా అచ్చుకి వెళ్లిపోతాయి. గురువుగారు ఇంకా ఔననలేదు, కాదనలేదు. శుక్రవారం శుక్రవారం పాఠానికి వెళ్లే మనిషి, ఇక ఆగలేక మంగళవారమే ఆవిడ ఇంటి మెట్లెక్కేశాడు.

గురువుగారి పేరు ఓటిలీ. ఒకప్పుడు జర్మనీ అంతా తిరిగి పియానో కచేరీలు చేశారు. డెబ్బై దాటాక నౌంబుర్గ్‌లో ఒక పాత ఇంటి పై వాటాలో ఉంటూ, నలుగురైదుగురు శిష్యులకి పాఠాలు చెబుతున్నారు. బాగా వాయిస్తే మెచ్చుకోరు, చెడగొడితే తిట్టరు. తిట్టే పని కింది వాటాలో ఎర్నా చూసుకునేది.

ఎర్నా టోపీలు కుట్టి కుట్టి వయసైపోయిన ముసలావిడ. ఆ ఊళ్లో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా ఎవరూ చప్పుడు చేయకూడదని కట్టుబాటు. గోడకి మేకు కొట్టినా తప్పే. మూడు గంటలు కొట్టాకే పైన పియానో మూత లేచేది. ఆ తర్వాత కూడా వాయింపు చెవికి ఎక్కకపోతే, ఎర్నా పొడుగు కర్ర చీపురు తిరగేసి సీలింగు మీద టకటకా పొడిచేది. ఆ పోట్లు వాయించేవాడి అరికాళ్ల కిందే సరిగ్గా వినపడేవి.

లోటార్ వాయిస్తుండగా చీపురు మోగని శుక్రవారం లేదు.

"టోపీలు కుట్టుకునే ఆవిడకి సంగీతం ఏం తెలుసండీ?" అనేవాడు ఉక్రోషంగా. గురువుగారు నవ్వి ఊరుకునేవారు. వేళ్ల వేగంలో తనని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడని లోటార్ నమ్మకం. అది నిజమే. చిక్కంతా అక్కడే వచ్చింది.

"గురువుగారూ, నేను కచేరీకి పనికొస్తానా, రానా? ఇవాళ తేల్చి చెప్పండి" అన్నాడు, ఇంకా కోటైనా విప్పకుండా.

ఓటిలీ గారు గడియారం వంక చూశారు. నాలుగైంది. అలమర తెరిచి ప్లమ్ పళ్ల జామ్ సీసా ఒకటి తీసి అతని చేతిలో పెట్టారు.

"ముందు ఇది కింద ఎర్నా గారికి ఇచ్చిరా. కాఫీ ఇస్తే కాదనకు. కూర్చుని, తాగి రా."

లోటార్‌కి ఒళ్లు మండింది. తన బతుకు తేలాల్సిన రోజున జామ్ మొయ్యడమా! అయినా నోరు మూసుకుని దిగాడు.

పై వాటాకి మెట్లు వేరే వైపు కాబట్టి ఎర్నా అతని మొహం ఎప్పుడూ చూడలేదు. ఎవరో మంచి కుర్రాడు అనుకుని వంటింట్లోకి పిలిచి, కుర్చీ వేసి, కాఫీ పోసింది. లోటార్ కప్పు అందుకున్నాడో లేదో, నెత్తిమీద పియానో మొదలైంది.

తను కచేరీ కోసం సాధన చేస్తున్న సొనాటాయే!

తనని జామ్ సీసాతో కిందికి పంపేసి, ఇంకెవడినో పిలిపించుకున్నారన్నమాట. కచేరీ వాడికి ఇచ్చేస్తున్నారన్నమాట. ఇదేనా ఆరేళ్ల శుశ్రూషకి ఫలితం? కళ్లలో నీళ్లు తిరిగాయి.

కాసేపు విన్నాక ఆ నీళ్లు వాటంతటవే ఆరిపోయాయి. వాడెవడో గానీ ఘోరంగా వాయిస్తున్నాడు. తేలిక చోట ఊగుతూ, మురిసిపోతూ సాగదీస్తున్నాడు. కష్టమైన చోట కుక్క తరుముతున్నట్టు పరుగెత్తుతున్నాడు. ఆగాల్సిన చోట ఆగడం లేదు. పెడల్‌ని బొద్దింకని తొక్కినట్టు తొక్కుతున్నాడు. తొక్కినప్పుడల్లా సీలింగు సున్నం రాలి కాఫీలో పడుతోంది.

లోటార్ పళ్లు బిగించాడు. చెవులు మూసుకున్నాడు. వేగం ఇంకా పెరిగింది. ఇక పట్టలేక లేచి, మూలనున్న చీపురు అందుకుని, తిరగేసి సీలింగుని టకటకా మూడు పోట్లు పొడిచాడు.

పైన వాయింపు ఠక్కున ఆగిపోయింది.

ఎర్నా చప్పట్లు కొట్టింది. "భలే పొడిచావు నాయనా! సరిగ్గా నేను పొడిచే చోటే. ఇవాళ్టికి నా భుజం బతికింది."

"ఎలా భరిస్తున్నారండీ? ఊపిరి తీసుకోనివ్వడేం వాడు!"

"ఏం చెయ్యను! వాడు శుక్రవారం కుర్రాడు. ఇవాళ మంగళవారం కదా, ఎందుకొచ్చాడో మరి."

లోటార్ చేతిలో చీపురు అలాగే ఉండిపోయింది.

"శుక్రవారం కుర్రాడా?"

"వాడే. ఆ తొక్కుడు నాకు తెలీదూ? సోమవారం పిల్ల ఒకతి వస్తుంది. పాపం, పాటకి పది తప్పులు వాయిస్తుంది. అయినా వింటూ హాయిగా కునుకు తీస్తాను. వీడు ఒక్క తప్పూ వాయించడు. కానీ వాయిస్తుంటే, వీడు తప్ప వినే మనిషి ఇంకొకరు ఉన్నట్టే ఉండదు."

లోటార్ తలెత్తి చూశాడు. సీలింగు మీద కంచమంత మేర సున్నం ఊడిపోయి ఉంది. ఆరేళ్ల శుక్రవారాలవి. చీపురు జాగ్రత్తగా మూలన పెట్టి, కాఫీ సున్నంతో సహా తాగేసి, దణ్ణం పెట్టినంత వినయంగా సెలవు తీసుకుని పైకెక్కాడు.

పైన ఇంకెవరూ లేరు. ఓటిలీ గారు వేణ్ణీళ్ల గిన్నెలో రెండు చేతులూ ముంచుకుని కూర్చున్నారు.

"నీలాగా వాయించడం మాటలు కాదురా అబ్బాయీ. మోచేతులు పట్టేశాయి" అన్నారు. తర్వాత మెల్లగా అడిగారు. "ఇవాళ చీపురు పోటు కొత్తగా ఉంది. ఎవరు పొడిచారు?"

"నేనే" అన్నాడు లోటార్, నేల చూపులు చూస్తూ. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. "ఈ ఏడు నా పేరు పంపకండి గురువుగారూ" అన్నాడు.

ఓటిలీ గారు చేతులు తుడుచుకుని పియానో మూత తెరిచారు.

"మంచిది. హాలుకి మూడొందల మంది వస్తారు. పాపం, వాళ్ల చేతుల్లో చీపుర్లుండవు."