ఖాళీ తొట్టికి మేత

దావూద్‌కు ఒకటే దిగులు. సూఫీ గురువు అన్వర్ షా దగ్గర శిష్యుడిగా చేరినప్పుడు నల్లగా ఉన్న గడ్డం ఇప్పుడు నెరిసింది. తనకన్నా వెనక వచ్చినవాళ్ళు గురువు అనుమతి పుచ్చుకుని, సొంత ఊళ్ళలో పదిమందిని కూర్చోబెట్టుకుని బోధిస్తున్నారు. తను మాత్రం ఇంకా గురువుగారి చెప్పులు సర్దుతూనే ఉన్నాడు.

అతనికి వంక పెట్టడానికేమీ లేదు. ఆ సంగతి అందరికన్నా బాగా అతనికే తెలుసు. నమాజు తప్పడు, అబద్ధమాడడు, చొక్కా మీద మరక పడనివ్వడు. పక్కవాడి చొక్కా మీద మరక కనపడితే మాత్రం ఆ పూట అతనికి ధ్యానం కుదరదు.

చివరికి ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"హజ్రత్, నాలో ఏం తక్కువైంది?"

గురువు గోడవారనున్న అక్వేరియం వైపు చూశాడు.

ఓడలో ఇంజనీరుగా పనిచేసే శిష్యుడొకడు దాన్ని ఆయనకు ఇచ్చి వెళ్ళాడు. ఉప్పునీళ్ళు, నాలుగు రాళ్ళు, వాటిమీద ప్రాణమున్న పగడం. వేలెడంత ముక్కగా వచ్చింది, ఇప్పుడు విస్తరాకంత అయింది. పగడమంటే ఉంగరంలో పొదిగేదే అనుకునేవాళ్ళు, అది చిన్న చిన్న వేళ్ళు చాపి నీళ్ళలో ఆడించడం చూసి నోరు వెళ్ళబెట్టేవారు. గురువు దాన్ని కన్నబిడ్డలా చూసుకునేవాడు. ఫకీరుకు ఈ బంధమేమిటని చాటుగా నవ్వుకునేవాళ్ళూ లేకపోలేదు. ఈమధ్య ఆ తొట్టి అద్దాల అతుకు దగ్గర నీళ్ళు కారుతున్నాయి.

"ఇది ఎక్కువకాలం ఆగదు" అన్నాడు గురువు. "కొత్త తొట్టి నువ్వు సిద్ధం చెయ్యి నాయనా. పగడాన్ని అందులోకి మార్చి బతికించు. ఆ తర్వాత మీ ఊరు వెళుదువుగాని."

ఇంతేనా అనుకున్నాడు దావూద్. అతనికి కాళ్ళు నేలమీద నిలవలేదు.

గురువు పాత తొట్టిలోంచి ఒక రాయి తీసి ఇచ్చాడు. పట్టుకుంటే జిగురుగా ఉంది. దానినిండా గోధుమరంగు మరకలు.

"దీన్ని కొత్త తొట్టిలో పెట్టు. రోజూ చిటికెడు మేత వెయ్యి. ఇంకేమీ చెయ్యకు."

"అందులో చేపలు లేవు కదా హజ్రత్. మేత ఎవరికి?"

"ఆకలైనవాళ్ళు తింటారు."

దావూద్ కొన్నాళ్ళు మేత వేశాడు. తినేవాళ్ళెవరూ కనపడలేదు. నీళ్ళు కుడితిలా తెల్లబడ్డాయి. రాయి మీద మరకలు పెరిగాయి. గురువును చూడటానికి వచ్చినవాళ్ళలో ఒకాయన తొట్టిలోకి తొంగిచూసి, "ఇది దావూద్ గారి చేతిపనేనా!" అన్నాడు.

ఆ మాట దావూద్‌కు ముల్లులా గుచ్చుకుంది. గురువు పొరుగూరు ఉరుసుకు వెళ్ళగానే తొట్టి ఖాళీ చేశాడు. రాయిని కాగే నీళ్ళలో ముంచి, బ్రష్షుతో తోమి తోమి తెల్లగా చేశాడు. సముద్రపు నీళ్ళు తెప్పించి వడగట్టి పోశాడు. మేత మానేశాడు. ఇప్పుడు చూసినవాళ్ళు, "అసలు నీళ్ళున్నాయా లేవా!" అని మెచ్చుకున్నారు.

ఇంతలో పాత తొట్టి అతుకు ఇంకాస్త విచ్చింది. ఇక ఆగితే ప్రమాదమనుకుని దావూద్ పగడాన్ని తెచ్చి కొత్త తొట్టిలో పెట్టాడు. మంచిపనే చేశాననుకున్నాడు.

మర్నాటికే అది వేళ్ళు ముడుచుకుంది. తర్వాత ఒంటినుంచి తీగలు తీగలుగా జిగురు వదలసాగింది. గురువు తిరిగి వచ్చేసరికి సగం పగడం చర్మం ఊడి, లోపలి ఎముక బయటపడి ఉంది.

దావూద్ గుమ్మంలోనే ఎదురెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"నేను దేనికీ లోపం చెయ్యలేదు హజ్రత్. మచ్చ లేకుండా కడిగాను."

గురువు లోపలికి వెళ్ళాడు. రెండు చిన్న గాజు సీసాలు తెచ్చాడు. ఒకదాంట్లో కొత్త తొట్టి నీళ్ళు, రెండోదాంట్లో పాత తొట్టి అడుగున మిగిలిన మురికినీళ్ళు పట్టాడు. ఓడ ఇంజనీరు ఇచ్చిన పరీక్షమందు రెండింట్లోనూ చుక్కలుగా వేసి, దావూద్ ముందు పెట్టాడు. మందు ఆకుపచ్చగా మారితే నీళ్ళలో విషముందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

మురికినీళ్ళు పసుపురంగులో ఉండిపోయాయి. అద్దంలాంటి నీళ్ళు ఆకుపచ్చగా మారాయి.

దావూద్ తను తోమిన తెల్లరాయి వైపు చూశాడు.

"ఆ మరకల్లో ఎవరున్నారు హజ్రత్?"

"కంటికి ఆననివాళ్ళు. పగడం వదిలిన మలినాన్ని తిని, నీళ్ళు చెడకుండా కాసేవాళ్ళు. పగడం వచ్చేదాకా ఆ చిటికెడు మేత వాళ్ళకే."

గురువు చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. బతికున్న సగం పగడాన్ని రెండు చేతులా ఎత్తి పాత తొట్టికి తీసుకెళ్ళాడు. అడుగున మిగిలిన ఆ కాసిన్ని నీళ్ళలో, మరకల రాళ్ళ మధ్య దాన్ని దించాడు. విచ్చిన అతుకుకు మైనం అద్దుతూ, వెనక్కి తిరగకుండానే అన్నాడు:

"ఇంట్లోవాళ్ళందర్నీ తరిమేసి, చుట్టాన్ని భోజనానికి పిలిచావు దావూదూ."

దావూద్‌కు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు.

కొత్త తొట్టిలో మళ్ళీ నీళ్ళు నిండాయి. గురువు మళ్ళీ ఒక జిగురు రాయి ఇచ్చాడు. ఈసారి ఏం చెయ్యాలో ఆయన చెప్పలేదు, దావూద్ అడగలేదు. ఊరి మాట కూడా ఎత్తలేదు.

నీళ్ళు యథాప్రకారం తెల్లబడ్డాయి. వచ్చినవాళ్ళు యథాప్రకారం ముక్కు చిట్లించారు. దావూద్ చిటికెడు మేత తీసుకుని తొట్టి దగ్గరికి వచ్చాడు. వెయ్యబోయి, ఆగాడు. నెత్తిమీద టోపీ సరిచేసుకున్నాడు.

"బిస్మిల్లా" అని, వడ్డించాడు.