మెచ్చుకోలు

పరదేశయ్యగారు అడిగినదానికి వెంటనే జవాబు చెప్పే గురువు కారు. ఏదో ఒక పని పురమాయించి పంపేవారు. జవాబు ఆ పనిలోనే దొరికేది. అది అందరికీ రుచించేది కాదు.

ఒకనాడు అబ్బులు అనే శిష్యుడు అడిగాడు: "గురువుగారూ, నేను మా పిల్లని కొట్టను, తిట్టను. ఏదన్నా అంటే వెటకారంగా అంటాను. ఇంటిల్లిపాదీ నవ్వుకుంటాం. అందులో తప్పేముందండి?"

అబ్బులుది గోదావరి ఒడ్డు. అక్కడ వెటకారం ఉగ్గుపాలతోనే వస్తుందని పేరు. కూతురు నూకరత్నం ఆలస్యంగా లేస్తే "మహారాణీగారికి మేళం పెట్టించలేకపోయాం" అనేవాడు. అన్నం మాడితే "నలుడూ భీముడూ నీ దగ్గరే నేర్చుకోవాలి" అనేవాడు. ఆ పిల్లా నవ్వేది.

"ఇంటికెళ్ళి దాన్ని ఒక్కసారి మనసారా మెచ్చుకుని రా నాయనా" అన్నారు గురువుగారు.

ఓస్ ఇంతేనా అనుకుంటూ వెళ్ళాడు. వాళ్ళింట్లో పూతరేకుల పని. నూకరత్నం పిండిలో ముంచిన గుడ్డని, పొయ్యి మీద బోర్లించిన కుండపై ఒక్క విసురున లాగి రేకు తీసింది. ఎక్కడా చిరుగు లేదు. తన తల్లి చేతిలో తప్ప అబ్బులు అంత పలచని రేకు చూసి ఎరగడు.

"ఎంత బాగా తీశావమ్మా. అచ్చం మా అమ్మ తీసినట్టే ఉంది."

నూకరత్నం నవ్వింది. ఎక్కడ చెడిందోనని రేకుని వెలుగుకి పెట్టి వెతికింది. ఏమీ దొరకలేదు. అయినా దాన్ని నలిపి తునకల బుట్టలో పడేసింది.

"నిజంగానే అన్నానే తల్లీ."

"ఊరుకో నాన్నా. ఇంకోటి తీస్తాలే."

అబ్బులు ఇంకా ఏదో చెప్పబోయాడు. ఏ మాట ఎత్తుకున్నా అది తన పాత ఎకసెక్కంలాగే వినబడింది. పొయ్యికి ఇవతల అతను, అవతల కూతురు. ఇంట్లో ఉండి అంత ఒంటరితనం అతను ఎన్నడూ ఎరగడు.

మర్నాడు వచ్చి గురువుగారి ముందు కూలబడ్డాడు. "అది నన్ను నమ్మలేదండి."

పరదేశయ్యగారు అడిగారు: "నీ మాట నమ్మడం ఏ రోజున మానేసిందో గుర్తుందా?"

అబ్బులు తల అడ్డంగా ఊపాడు.

"ఉండదు నాయనా. ఆ రోజు నువ్వు నవ్వుతున్నావు."